గొళ్లెం పెద్దమ్మ గుమ్మం ముందు మా స్టాల్

ఇప్పుడంటే పాప్‌కార్న్ బండీ, నురగ చిమ్మే మెషీనూ, ఎలుగుబంటి వేషం వేసుకుని చెమటలు కక్కే మనిషీ లేకపోతే పిల్లవాడి పుట్టినరోజు జరిగినట్టే కాదు గానీ, నాకు ఇరవై దాటిన ఆ రోజుల్లో పాతబస్తీలో ఎవరైనా "మా ఫంక్షన్‌ల ఆటల స్టాల్స్ పెట్టిస్తున్నం" అన్నారంటే గల్లీ అంతా ఎదుట గౌరవంగా చూసేది, పక్కకు తిరిగి "పైసలెక్కువైనయ్" అని నవ్వేది. ఆ గౌరవాన్నీ ఆ నవ్వునూ కలిపి అద్దెకిచ్చే వ్యాపారం మాది. మా బాపు నౌకరీ నుంచి రిటైరయ్యాక అందరు తండ్రుల్లా పేపరు చదువుకుంటూ ఇంట్లోవాళ్లను విసిగించకుండా, ఉస్మాన్‌గంజ్‌లో ఎవరో దుకాణం ఎత్తేస్తుంటే ఆటల స్టాల్స్ కొనుక్కొచ్చాడు. పేర్చిన డబ్బాలను బంతితో కొట్టేది ఒకటి, రింగులు వేసేది ఒకటి, బెలూన్లు పేల్చేది ఒకటి. ఇంకొకటి కూడా ఉండేది, అది ఏ ఆటకో అమ్మినవాడికే తెలియదు. (మేము దాన్ని సామాన్లు పెట్టుకోవడానికి వాడేవాళ్లం. ఎవరైనా అడిగితే "అది స్పెషల్" అని చెప్పేవాళ్లం.)

నా సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు ఉబ్బసం ఉండడంతో నన్ను బడికి పంపలేదు. గుడి సేవలో ఉన్న మా తాతే అక్షరాలూ ఎక్కాలూ శ్లోకాలూ ఇంట్లో నేర్పాడు. నాకు తెలిసిన ఉత్సవాలు రెండే, ఒకటి గుడిలోది, రెండోది మా ఇంటికి గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజుది. అటువంటి నేను, బడి గేటు లోపల ఏముంటుందో తెలియని నేను, బడి వార్షికోత్సవాలకు స్టాల్స్ అద్దెకిచ్చే పనిలో పడ్డాను. దేవుడికి హాస్యం తెలియదనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఏమైనా ఆయనకు నేను రుణపడి ఉన్నాను. వంటింటి కిటికీలోంచి తప్ప చూడని ఊరిని ట్రాలీ ఆటోలో ముందు సీటు మీద కూర్చోబెట్టి చూపించాడు.

అయితే ఆ ముందు సీటు శాశ్వతం కాదని కొన్నాళ్లకే అర్థమైంది. బాపు స్టాల్స్ ఎక్కడికి తీసుకెళ్లినా ఏదో ఒక తగువు తెచ్చుకొచ్చేవాడు. అమ్మ ఆ స్టాల్స్ ఇనుప పైపుల వైపు చూసిన ప్రతిసారీ నిట్టూర్చేది. చివరికి ఒకరోజు బాపు నన్ను పిలిచి, "హుస్సేనీ ఆలం ఫంక్షన్ నువ్వు చేసి చూపియ్ బిడ్డా. లొల్లి లేకుంట అయితే నడిపిద్దం. ఒక్క మాటొచ్చినా ఇనుప సామాన్లాయనకు ఫోన్ కొడత, తూకానికి తీస్కపోతడు" అన్నాడు. స్టాల్స్ తూకానికి పోతే నేను మళ్లీ కిటికీకి పోవాలి. ఆ రోజు దేవుడి ముందు మామూలుకన్నా ఎక్కువసేపే కూర్చున్నాను.

ఆ ఫంక్షన్ అందరూ సూపరింటెండెంట్ అంకుల్ అని పిలిచే పెద్దాయన వాళ్లది. ఆయన రిటైరై చాలా కాలమైంది గానీ ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు. గల్లీలో కుక్క పడుకున్నా పక్కకు జరిపి పడుకోబెట్టేవాడు. మనవడికి మొదటి పుట్టినరోజు. ఇంకా నిలబడటం రాని ఆ బాబు కోసం బంతులు విసిరే స్టాల్, రింగులేసే స్టాల్, బెలూన్లు పేల్చే స్టాల్ చెప్పారు. (ఆ బాబు ఫంక్షన్ అంతా నిద్రపోయాడు. ఆ రోజు అక్కడ నాకు ఏ కష్టమూ కలిగించని మనిషి ఆయనొక్కడే.)

గల్లీ చూస్తే రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసినంత. రింగులకూ బెలూన్లకూ ఎలాగో చోటు దొరికింది. డబ్బాల స్టాల్‌కు మిగిలింది ఎదురింటి ముందున్న అరుగొక్కటే. ఆ ఇంట్లో ఉండేది గొళ్లెం పెద్దమ్మ. గల్లీలో ఎవరి అడుగుల చప్పుడైనా ఆమె తలుపు గొళ్లెం టక్కుమని పడేదట, అందుకే ఆ పేరు. నల్లా పైపుకు అంకుల్ మోటారు బిగించి నీళ్లు లాగేసినప్పటి నుంచి ఆ రెండు ఇళ్లకూ మాటల్లేవు. "అడగాలి కదా అంకుల్" అంటే, "ఆమె మలక్‌పేటల బిడ్డ తాన్కి పోయింది. సోమారం దాంక రాదు. పెట్టుండ్రి" అన్నాడు. ఏళ్ల తరబడి మాటైనా లేని మనిషి ప్రయాణాలు అంత కచ్చితంగా తెలిసినందుకు నాకు ఆశ్చర్యం కలగాల్సింది. కలగలేదు. జాగా దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

మా ట్రాలీ ఆటో నడిపే భాయ్ అరుగును అరచేత్తో తట్టి, "ఫికర్ నక్కో కరో బేటీ, ఇదరీచ్ ఫిట్ హోతా" అని నా దిగులు తీర్చి, అక్కడే పైపులు కట్టేశాడు. అరుగు మీద డబ్బాలు పేర్చాం, అల్మారా కొట్టించినట్టు చక్కగా అమరాయి. వాటి వెనక చారల పరదా, పరదా వెనక ఆమె తలుపు. ఏ ఫంక్షన్‌లోనైనా ఆట మొదలుపెట్టే ముందు ప్రతి పైపుకూ పసుపు కుంకుమ పెట్టడం నా అలవాటు. భాయ్ కూడా అదయ్యేదాకా బంతుల సంచి విప్పడు. "బొట్టు లగాయే? చలో, షురూ."

ఆట బ్రహ్మాండంగా సాగింది. పిల్లలు విసిరిన బంతుల్లో సగం డబ్బాలకు తగిలేవి, మిగతా సగం పరదా మీద ధన్ ధన్‌మని పడేవి. డబ్బాలన్నీ పడిపోతే మేము మళ్లీ పేర్చేదాకా కాసేపు నిశ్శబ్దం, మళ్లీ ధన్ ధన్. బాపు చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీకొచ్చి నిలబడ్డాడు. ఎక్కడా లొల్లి లేదు. నేను గర్వంగా ఆయన వైపు చూసిన ఆ క్షణంలోనే పరదా పైకి లేచింది.

చేతిలో కర్ర, నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా మా డబ్బాలు. అప్పటికే గాలిలో ఉన్న బంతి ఒకటి వెళ్లి ఆమె భుజానికి తగిలింది.

"అక్కా, నా బాల్ అవ్వకు తాకింది. పెద్ద ప్రైజ్ ఇయ్యాలె" అన్నాడు విసిరినవాడు.

"ఎవర్రా మీరు? గప్పటిసంది తలుపు కొడుతున్నరు" అంది పెద్దమ్మ. "వస్తున్న వస్తున్న అనుకుంట లేచి లేచి నా మోకాళ్లు పోయినయ్. గొళ్లెం కాడికి వచ్చేవరకు సప్పుడు బంద్. మళ్ల పోయి కూసుంటే మళ్ల ధన ధన. ఇగ పట్టుకుందమని తలుపెనక నిలవడ్డ."

సూపరింటెండెంట్ అంకుల్ వెంటనే నా వైపు తిరిగి, "నేను ముందే చెప్పిన గదమ్మా, జాగ చూస్కోని పెట్టుమని" అన్నాడు. (ఆ జాగాను జానలతో కొలిచి చూపించిన చేయి అదే.)

"పెద్దమ్మా, ముందలికి రాండ్రి, బంతులు ఆపిస్త" అన్నాను.

"ముందలికా? ఆడ నన్ను పిల్చిందెవ్వరు? బొట్టు వెట్టి పిల్వని దావత్‌ల నేను కాలు వెట్ట."

"అయితే లోపటికి పోండ్రి."

"నా ఇంట్లకు నన్నే పొమ్మంటున్నవా? నా అరుగు మీద నేను నిలవడ్డ. నీ దుకాణం ఎత్తెయ్. లేకుంటే పోలీసోళ్ల నూరుకు ఫోన్ కొడత."

ముందుకు వస్తే పిలవని ఫంక్షన్, వెనక్కి పోతే ఓటమి. ఆమె మా స్టాల్లోనే నిలిచిపోయింది. చుట్టాలంతా మూగారు. బాపు జేబులోంచి ఫోన్ తీసి, ఇనుప సామాన్లాయన నంబరు కోసం కళ్లజోడు వెతుక్కుంటున్నాడు. ఆయన కళ్లజోడు నెత్తి మీదే ఉంది, ఆ దయకు కూడా నేను భగవంతుడికి రుణపడ్డాను.

ఏం చేయాలో తోచక సంచిలో చేయి పెడితే కుంకుమ భరిణె తగిలింది. తీసుకుని డబ్బాల పక్క నుంచి లోపలికి దూరాను.

"నువ్వెవ్వరివే? నీ ఇంట్ల ఫంక్షనా?" అంది.

"ఫంక్షన్ వాళ్లదే పెద్దమ్మా. స్టాల్ మాది. గీ పైపులకు బొట్టు వెట్టిన, పొద్దుగూకే దాంక ఇది మా ఇల్లే. మా ఇంటికి పిలుస్తున్న. రాండ్రి."

ఆమె పైపుల వైపు చూసింది. వాటి మీది కుంకుమ నిజమైనదో కాదో వేలితో రుద్ది చూసింది. తర్వాత నెమ్మదిగా నుదురు వంచింది. బొట్టు పెట్టాను.

"కూసోనీకె ఏమన్న ఉన్నదా మీ ఇంట్ల?"

భాయ్ పరుగున కుర్చీ తెచ్చాడు. అంతే, ఆ తర్వాత స్టాల్ నాది కాదు. "ఏయ్ బుడ్డోడా, గీత దాటకు. కొట్టెటోడు కొట్టు, లేకుంటే ఎనకకు వో." పిల్లలు మిగతా స్టాల్స్ వదిలేసి ఆమె తిట్ల కోసం వరుస కట్టారు. చుట్టాలు బలవంతం చేస్తే సూపరింటెండెంట్ అంకుల్ కూడా వచ్చి బంతి పట్టుకున్నాడు. పెద్దమ్మ ఆయన మొహం చూడకుండా నాతో, "సార్‌కు ఇంక రెండు బంతులియ్యి. నల్లాకు మోటార్ పెట్టినంత అల్కగ ఉండదు గిది" అంది. అంకుల్ గురి తప్పింది. మళ్లీ తప్పింది. మూడోసారి ఆయనకే నవ్వొచ్చి బంతి కింద పెట్టేశాడు. అన్నేళ్లలో ఆ రెండిళ్ల మధ్య జరిగిన మొదటి సంభాషణ అదేనట.

కాసేపటికి అంకుల్ భార్య ఒక చేతిలో భోజనం ప్లేటు, మరో చేతిలో కుంకుమ పట్టుకుని వచ్చి, "వదినా, మా ఇంట్ల కూడ..." అని ఆగిపోయింది.

"ఇప్పుడు ఈ పిల్ల ఇంట్ల ఉన్న. గిది అయినంక జూస్త" అని పెద్దమ్మ ప్లేటు మాత్రం అందుకుంది. పొద్దుగూకి మేము పైపులు విప్పాక, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఎదురింటి గడప దాటి లోపలికి వెళ్లింది. బాపు ఫోన్ జేబులో పెట్టేశాడు. తిరుగు ప్రయాణంలో ట్రాలీ ముందు సీటు నాకే వదిలేశాడు.

ఆ సాయంత్రం నా తెలివిని నేనే మెచ్చుకుంటూ పడుకున్నాను. ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తన తెలివి తప్ప ఇంకేమీ కనబడదు కాబోలు. ఆ బంతుల చప్పుడుకు ఆమె ఎందుకు అన్నిసార్లు లేచిందో, లేస్తూ ప్రతిసారీ "వస్తున్న" అని ఎందుకు కేకేసిందో నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. ఎదురింట్లో ఫంక్షన్ కదా, ఎవరో బొట్టు పెట్టి పిలవడానికి వచ్చారనుకుని ఉంటుంది. ఇప్పుడు ఏ గల్లీకి వెళ్లినా పైపులు దించకముందే వెనకింటి తలుపు తట్టి, తీసినవాళ్లను మా ఇంటికి పిలుస్తాను. చెవుల్లో తీగలు పెట్టుకున్న ఫంక్షన్ మేనేజర్లు నన్ను వింతగా చూస్తారు. చూడనీ. ఒక్కో తలుపు వెనక నుంచి "వస్తున్న" అని వినబడుతుంది. గొళ్లెం తీసేదాకా భరిణె పట్టుకుని నిలబడతాను, మధ్యలో చప్పుడు ఆపకుండా ఇంకోసారి తడుతూ.