దొర శుక్రవారం దాటడు

గాజుల సాలమ్మ ఒక్క మాటతో దొర గడీకి తాళం వేయించిందని దంతాలపల్లి చుట్టుపక్కల ఒక పుకారు ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. ఆమె నాలుక మీద పుట్టుమచ్చ ఉందని కొందరంటారు. మచ్చ కాదు, నాలుకంతా నలుపే, పాన్ నమిలి దాచుకుంటుందని ఇంకొందరంటారు. నోరు తెరిచి చూపించమని అడిగే ధైర్యం మాత్రం ఊళ్ళో ఒక్క మగవాడికీ రాలేదు.

జరిగింది ఎనభై ఒకటిలోనో, ఎనభై రెండులోనో. సాలమ్మ భుజాన గాజుల మలారం వేసుకుని వాడవాడా తిరిగేది. సోమవారం సోమవారం సరుకు కోసం తొర్రూరు పోయేది. సరుకు చిటికెలో దొరికేది, తిరుగు బస్సు మాత్రం సాయంత్రానికి గాని ఉండేది కాదు. ఆ మధ్య వేళ ఎండకు తాళలేక రేకుల టాకీసులో మ్యాట్నీకి కూర్చునేది. ఆమెది సినిమా పిచ్చి కాదు, నీడ పిచ్చి. ఇంటర్వెల్ గంట కొట్టకముందే నిద్రపోయేది. ఆమె గురకకు తెర మీద హీరోయిన్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసేదట.

నిద్ర నిద్రే, అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. చూసిన సగానికి తన సొంత సగం అతికించి, మంగళవారం పొద్దున్నుంచీ ఆడవాళ్ళకు గాజులు తొడుగుతూ చెప్పేది. చెయ్యి ఆమె గుప్పిట్లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి వినేవాళ్ళు లేచిపోయే వీలు లేదు.

"దేవుని బొమ్మ చూసిన. దేవుని జబ్బ మీద టీకా మచ్చ ఉన్నది. ఆకాశంల గూడ దవాఖాన పెట్టిన్రో ఏమో!"

ఇంకోసారి ఏడుపు సినిమా మీద పడింది. "మొగడు చచ్చినంక ఆ పోరి చేతులు నేలకేసి కొట్టుకుంటది. అబద్ధం. అవి రబ్బరు గాజులు, ఎగిరెగిరి పడుతున్నయి. అందుకే కెమెరాను మొగం దిక్కు తిప్పిన్రు."

నవ్వుల సినిమాలంటే ఆమెకు ఒళ్ళుమంట. "మన మాట మాట్లాడెటోడు సినిమాల ఒక్కనాడన్న పెండ్లికొడుకు అయిండా? గిన్నెలు కడుగుతడు, లేకుంటె వాని లాగు జారుతది. అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి నడిచినప్పుడు జనగామల టాకీసు బందైతె మస్తు ఏడ్సిన. ఇంకిన్ని దినాలు బందున్నా మంచిగుండు."

సినిమా పేరు ఎన్నడూ ఆమె నోట రాలేదు. అందులో ఎవడు ఎక్కువ కనిపిస్తే వాడే సినిమా పేరు. "దేవుడు మంచిగ నిలబడ్డడు. పోలీసును తెల్లారే లేపిన్రు." లేపడమంటే ఆడని బొమ్మను టాకీసు నుంచి తీసేయడం. గేటు దగ్గర నిలబడే యాదగిరి దగ్గర నేర్చుకున్న మాట అది.

ఆ రోజుల్లో అన్నల దళాలతో పాటు ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఊళ్ళలోకి వచ్చింది. పక్క ఊరి పటేలు పొద్దున చేను చూడటానికి పోయి మక్కల్లోంచి తిరిగి రాలేదు. ఇంకో ఊళ్ళో ఒక షావుకారు ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు. ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. "లేపిన్రట" అని, చుట్టూ చూసి, వేరే మాటలోకి పోయేవారు. సాలమ్మ ఊరి దొర జగన్మోహన్‌రావు గడీ కిటికీలకు ఇనుప చువ్వలు పెట్టించాడు. కొత్తగా కుక్కల్ని తెప్పించాడు. కుక్కలు మొరిగితే భయం, మొరగకపోతే ఇంకా భయం.

ఒక సోమవారం సాలమ్మ చూసిన సినిమాలో దొర ఉన్నాడు. టాకీసులో ఈగలు తప్ప జనం లేరు. మంగళవారం ఎల్లక్క వాకిట్లో మలారం దించింది.

"ఏం చూసినవే ఈ పారి?" అంది ఎల్లక్క చెయ్యి చాపి.

"దొరను చూసిన."

"ఎట్లున్నడు?"

"ఏముంటడు? మీసాలు, తుపాకి, మందిని గొడ్లను కొట్టినట్టు కొట్టుడు. చూసినోల్లంత ఉమ్మేస్తున్నరు. దొర శుక్రవారం దాటడు ఎల్లక్కా. గురువారం మాపటికే లేపుతరు."

"నీకెవరు చెప్పిన్రు?"

"యాదగిరే చెప్పిండు. కొత్తోడు గూడ తయారున్నడట."

గోడ అవతల సరిగ్గా అప్పుడే తండా మనిషి దేవ్యా నడుస్తున్నాడు. గడీలో పని చేసేవాడు. వాడి చెవిలో టాకీసు పడలేదు, సినిమా పడలేదు. దొర పడ్డాడు, గురువారం పడింది. తినే తంబాకు మింగేసి గడీకి పరుగెత్తాడు. వాడు పరుగెత్తిన తొవ్వలో గడ్డి ఇప్పటికీ మొలవలేదంటారు.

బుధవారం పొద్దున సాలమ్మకు పిలుపు వచ్చింది. దొరసానికి గాజులేమో అనుకుని మలారంతోనే పోయింది. లోపల దొర స్తంభానికి వీపు ఆనించి, తలుపు కనిపించేలా కూర్చున్నాడు. ఒళ్ళో తుపాకి ఉంది.

"యాదగిరి ఎవడే? ఏ దళం?"

"దళం కాదు దొరా, గేటు."

"ఏ గేటు?"

"నేల టికెట్ గేటు."

దొర మొహం పాలిపోయింది. "కొత్తోడు అన్నవట. వాడెవడు?"

"ఎవరికెరుక దొరా! వరంగల్ కెల్లి డబ్బాలల్ల వస్తడు. బస్సు మీదేసి పంపుతరు."

"డబ్బాలల్లనా?" దొర తుపాకి ఎత్తాడు. సాలమ్మకు అప్పుడు అర్థమైంది, తన మాటలు ఇక్కడ ఏ రూపంలో దిగుతున్నాయో. కింద కూలబడింది.

"నీ బాంచెన్ దొరా, సినిమా! నేను చెప్పింది సినిమా ముచ్చట! తొర్రూరు టాకీసుల ఆడుతున్నది. గోడల మీద బొమ్మలున్నయి, ఎవరినన్న పంపి సూడుండ్రి!"

దొర తుపాకి దించకుండానే దేవ్యాను పిలిచాడు. "సైకిలేసుకొని తొర్రూరు పో. ఆ దొర టాకీసుల ఉన్నడో లేడో కండ్లార చూసి రా. ఉంటె ఇది ఇంటికి పోతది. లేకుంటె..."

తుపాకి గొట్టంతో గడీ వెనక గదిని, అర్రను చూపించాడు. భూమి సంగతి అడగడానికి వచ్చిన మనిషి ఒకడు అంతకుముందు ఆ అర్రలోకి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. బయటికి వచ్చాక అతని కుడిచెయ్యి మళ్ళీ భుజం దాకా లేవలేదు. ఆ చెయ్యిని ఊరంతా రోజూ చూస్తూనే ఉంది. సాలమ్మ బతుకంతా ఆమె రెండు చేతుల్లోనే ఉంది.

ఇవాళ బుధవారం, బొమ్మ గురువారం దాకా ఉంటుంది, భయం లేదని ఆమె తనకు తాను చెప్పుకుంటూ గచ్చు మీద కూర్చుంది. అర్ర తలుపు సగం తెరిచి ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

మధ్యాహ్నం రుక్మిణి దొరసాని వచ్చి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది. "ఉత్తగ కూసునుడెందుకు సాలీ, గాజులు తొడుగు."

చీకట్లో కూడా, పసిపిల్ల నిద్ర లేవకుండా గాజులు తొడిగే చేతులు సాలమ్మవి. ఆ రోజు మొదటి గాజే ఎముక దగ్గర టప్పుమంది. ముత్తైదువ చేతి మీద గాజు పగిలిందనకూడదు, పెరిగిందనాలి.

"పెరిగింది దొరసానీ," అంది.

"ఇంకోటి తొడుగు."

అది కూడా పెరిగింది. దొరసాని చెయ్యి వెనక్కి తీసుకుంది. మణికట్టు మీద రక్తపు చుక్కను కొంగుతో అద్దుకుంటూ, దొర వినకుండా అడిగింది. "నిజంగ సినిమానేనా?"

"ఒట్టు దొరసానీ, సినిమానే. సగంల నిద్రపొయిన గూడ."

"నిద్రపోయిన సగంల ఏమైతది?"

ఎన్ని సినిమాలకు ఎన్ని సగాలు అల్లిందో లెక్కలేని సాలమ్మకు ఆ పూట ఒక్క ముక్క తోచలేదు. "తెల్వది దొరసానీ," అంది.

పొద్దు వాలుతుండగా దేవ్యా వచ్చాడు.

"ఉన్నడారా?" అన్నాడు దొర.

"లేడు దొరా."

"సరిగ్గ చెప్పు!"

"దొరను నిన్ననే లేపిన్రంట. గురువారం దాక ఆగలేమన్నరు. గోడల మీద మొగం గూడ గీకేసిన్రు. సగం మొగం, ఒక్క కన్ను మిగిలింది. కొత్త బొమ్మ అంటించేతందుకు దాని మీద మైద పూస్తున్నరు."

సాలమ్మకు అర్ర తలుపు తప్ప ఇంకేమీ కనిపించలేదు. "దొరా! లేపిన్రంటె ఉన్నట్టే గద! లేనోన్ని ఎట్ల లేపుతరు?" అని అరిచింది.

దొర ఆ మాట వినలేదు. "గురువారం దాక ఆగలేమన్నరు," అని తనలో తాను అనుకున్నాడు. "గురువారమని చెప్పి ముందే లేపుతరు..." లేచి వాలే పొద్దు వైపు చూశాడు. "కారు తియ్యమను," అన్నాడు.

అర్రకు తాళం వేయాలని గాని, గచ్చు మీద ఒక మనిషి ఉందని గాని ఎవరికీ గుర్తులేదు. దొరసాని విస్తట్లో అన్నం సగం తిని వదిలేసి కారెక్కింది. హన్మకొండ తొవ్వలో దుమ్ము లేచింది. గడీ పెద్ద తలుపుకు దేవ్యా తాళం వేస్తుంటే సాలమ్మ మలారం ఎత్తుకుని బయటపడింది.

కథ అక్కడితో ఆగితే ఊరు నవ్వుకుని మర్చిపోయేది. శుక్రవారం పొద్దున గడీ వెనక తలుపు గొళ్ళెం ఊడి ఉంది. కుక్కలు ఒక్కటీ కనిపించలేదు. లోపల ఏ వస్తువూ పోలేదు. దొర మంచం మాత్రం అడ్డంగా విరిగి ఉంది.

అదే రోజు సాలమ్మ చేల గట్టు మీద పోతుంటే, ఎన్నడూ చూడని ఇద్దరు మనుషులు ఎదురొచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. ఆ మర్యాదకే ఆమె మలారం కిందికి దించింది.

"గాజులమ్మే సాలమ్మక్క నువ్వేనా? గురువారమని నీకెవరు చెప్పిన్రక్కా?"

"ఏ గురువారం బిడ్డా?"

"మేమెవ్వరికి చెప్పని దినం అది. నీకెట్ల తెలిసింది?"

ఆమె గాజుల వైపు చూసింది, వాళ్ళ వైపు చూడలేదు. "నాకేం ఎరుక లేదు బిడ్డా. గాజులమ్ముకునేదాన్ని," అంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మల్లొస్తం," అని పోయారు.

తర్వాత పోలీసులు వచ్చారు. వాళ్ళదీ అదే ప్రశ్న. ఆమెదీ అదే జవాబు.

ఆ తర్వాత సాలమ్మ టాకీసు నీడకు పోలేదు. తొర్రూరులో మిట్టమధ్యాహ్నం బస్టాండు ఎండలో నిలబడి మాడిపోయేది. గాజులు తొడిగేటప్పుడు నోరు విప్పేది కాదు. ఉప్పులాంటి ముచ్చట్లు లేక ఊళ్ళో ఆడవాళ్ళకు అన్నం సయించలేదు. బయట కుక్క మొరిగితే చాలు, చేతిలోని చెయ్యిని గట్టిగా పట్టుకునేది.

కొన్నేళ్ళకు పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున హిందీ సీరియల్ అంటే ఊరంతా అక్కడే. సాలమ్మ వెనక గోడకు కూర్చుని చాలా వారాలు ఓర్చుకుంది. ఒక ఆదివారం ఓర్చుకోలేకపోయింది.

"వీడేందే, తలుపు తీసేతందుకు ఇంతసేపు! ఈ వారం గొళ్ళెం ముట్టుకుంటడు, వచ్చే వారం లోపలికొస్తడు. ఆ అత్త ఉన్నది సూడు, దొంగది. హిందీ రాకున్న మొగంల కనవడుతలేదా?"

గుంపంతా గొల్లుమంది. ఎల్లక్కకు హుషారొచ్చింది. "మా సాలి నోరు మల్ల లేచింది! చెప్పవే, ఈ బొమ్మను ఎప్పుడు లేపుతరు? అప్పుడు గడీల దొర సంగతి చెప్పినట్టు చెప్పు!"

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. గడప దగ్గర ఇద్దరు కొత్త మనుషులు నిలబడి ఉన్నారు. పురుగుమందులు అమ్మేవాళ్ళు కావచ్చు, కాకపోవచ్చు. వాళ్ళు టీవీ వైపు చూడటం లేదు.

సాలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏ దొరనే ఎల్లక్కా? ఏం లేపుడు? నేను పుట్టినకాడికెల్లి టాకీసు మొగం సూడలే. యాదగిరి ఎవడో నాకు తెల్వది. గడీల నేను కాలు పెట్టలే. దొర పిల్లల సదువు కోసమని హన్మకొండకు పొయిండు, ఊరంతా ఎరుకే. ఇదంత ఎవడో పనిలేనోడు అల్లిన కత. నాకు కండ్లే సరిగ్గ కనవడయి, ఆ డబ్బాల ఏమాడుతున్నదో గూడ నాకు తెల్వది."