తొట్టిలో పచ్చరంగు

మొన్న మనవరాలి ఇంట్లో చేపల తొట్టి ముందు కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఒక చేప అడుగున ఉన్న రాయికి ఒళ్ళు గీరుకుని చర్రున పైకి పోయింది. మళ్ళీ వచ్చి గీరుకుంది. కప్పు కింద పెట్టేశాను. దగ్గరికి పోయి చూస్తే రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. "మందు ఉండాదిలే అవ్వా, కొలిచి ఎయ్యడమే" అని పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను ధర్మవరానికి కోడలిగా పోయింది డెబ్బైల చివర్లో. మా మామ పట్టుకు రంగు వేసేవారు. తక్కెడ గానీ చెంచా గానీ ఆయన ముట్టి ఎరగరు. కాగులో చిటికెడు పొడి వేసి, కట్టెతో తిప్పి, నీళ్ళ వంక చూసి, మళ్ళీ చిటికెడు వేసేవారు. నేతగాళ్ళు ఏ గుడ్డముక్క తెచ్చి చూపినా అచ్చం అదే రంగు దింపేవారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆయన కంటి మీదే. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఆయనకు కాస్త ఎక్కువే తెలుసు.

అప్పట్లో మా ఇంట్లోనూ చేపలుండేవి, బెంగళూరు పట్టు వ్యాపారి ఒకాయన మామకు ఇచ్చినవి. కొన్ని మామూలు ఎర్ర చేపలు, కొన్ని ఒంటి మీద పొలుసే లేని చారల చేపలు. బిందె నీళ్ళకు వీధిలో జుట్లు పట్టుకుంటున్న ఎండాకాలంలో మా ఇంట్లో గాజుతొట్టి దిగింది. "మనుషులకే నీళ్ళు ల్యాకుంటే వీటికి బంగళా కావల్సొచ్చింది" అని అత్త సణిగింది. మామ మాత్రం పని ముగించి, చేతులు తుడుచుకుని దాని ముందే కూర్చునేవారు. కొడుకుతో ఆడని మాటలు చారల చేపలతో ఆడేవారు. నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

ఒకరోజు చేపలు రాళ్ళకు గీరుకోవడం మొదలైంది. చుక్కలు ముందు నాకు కనిపించాయి, తర్వాత అత్తకు, మా ఆయనకు. మామ గాజుకు ముక్కు ఆనించి చూసి, "యాడమ్మా చుక్కలు? దుమ్ము పడింటాది" అన్నారు. కొన్నాళ్ళకు చుక్కలు మాయమైతే ఆయన గెలిచినట్టు చూశారు. ఆ చుక్కలు పెట్టే పురుగు చేపను వదిలి తొట్టి అడుగుకు చేరి, అక్కడ పెరిగి మందగా తిరిగొస్తుందని మాకేం తెలుసు? ఈసారి చేపల ఒళ్ళంతా కప్పేసింది.

మా ఆయన బెంగళూరు పోయి చేపలమ్మే అతన్ని అడిగి వచ్చారు. మందంటే మరేం కాదట, మేం పట్టుకు వేసే పచ్చరంగు లాంటిదేనట. నీళ్ళకు రంగు వచ్చీరానట్టు ఉండాలి. పొలుసు లేని చేపలకు అందులో సగమే వేయాలి, ఎక్కువైతే ఊపిరాడక చస్తాయి. "నేను కొల్చి ఏస్తా నాయనా" అన్నారు మా ఆయన. మామ మొహం ముడుచుకుంది. "పుట్టినప్పట్నుంచి ఈ పొడితోనే బతుకుతాండా. నాకు కొలత చెప్తావా నువ్వు?"

ఆ మధ్యాహ్నం ఆకు కదలడం లేదు. మామ చిటికెడు పొడి చెంబులో కలిపి తొట్టిలో వంచారు. నీళ్ళు లేత పచ్చగా మారాయి. అదే ఎక్కువేమో అనిపించింది నాకు. ఆయన కళ్ళు చిట్లించి, "ఇంగా రంగు రాలా" అని మరో చిటికెడు కలిపి పోశారు. నీళ్ళు వేపాకు రంగుకొచ్చాయి. మా ఆయన నావైపు చూశారు. "ఏమప్పా ఈ పొడి, సత్తువే ల్యాదు. కల్తీ చేస్తాండారు" అంటూ మామ మళ్ళీ డబ్బాలో వేళ్ళు పెట్టారు. అత్త వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. మా ముందు ఆమె ఆయన్ను తాకడం నేనెన్నడూ చూడలేదు.

"సాలు. చేపలే కనపడ్డంల్యా" అంది మెల్లగా.

పట్టు ఉడికించడానికి దాచిన నీళ్ళన్నీ తెచ్చి తొట్టిలో నీళ్ళు మార్చాం. ఎర్ర చేపలు కొన్ని తేరుకున్నాయి. చారల చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి, ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. మామ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఎండలోకి పోయి, అటూ ఇటూ తిప్పి చూశారు. కొడుకును కాదు, నన్ను పిలిచారు.

"నిజం చెప్పమ్మా. ఇది ఏం రంగు ఉండాది?"

"పచ్చగా ఉండాది మామా" అన్నాను. ఆయన తల ఊపి, చేపను నా చేతిలో పెట్టి లోపలికి పోయారు. అంత బాధ నేను ఆ ఇంట్లో మళ్ళీ పడలేదు.

మర్నాడు రంగు కాగు ముందు మా ఆయన కూర్చున్నారు, చేతిలో కొత్త తక్కెడతో. అత్త నా పక్కన నిలబడి, "నాకు నిరుడే తెల్సు" అంది. ఒక మనిషి దగ్గర్నుంచి కాలం దేన్నైనా తీసుకుపోయేటప్పుడు ఇంట్లో వాళ్ళందరికీ ముందే చెబుతుంది, ఆ మనిషికే ఆఖర్న చెబుతుంది.