పట్టీకెక్కని బేరర్

దశరథ మీద నాకు ఇప్పటికీ కోపమే. మనిషి మంచివాడు, అందులో రెండో మాట లేదు. ఆ మంచితనం మీదే నా కోపం.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట పక్కన ఆ రోజుల్లో ఒక క్లబ్బు ఉండేది. నిజాం సర్కారు ఉద్యోగులు, పట్నంలోని పెద్ద వకీళ్లు గురువారం సాయంత్రం మోటార్లలో దిగేవారు. శుక్రవారం సెలవంతా బాతుల వేటతో, గాలాలతో, సీసాలతో గడిపి వెళ్లిపోయేవారు. సీమసారా పోయడానికి లైసెన్సున్న క్లబ్బు. దశరథ అందులో అప్పటికి పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. నెత్తిన తెల్ల తలపాగా, నడుముకు ఇత్తడి బిళ్ల బెల్టు, చేతిలో పళ్లెం. ఎవరికి సోడా ఎంత పొయ్యాలో, ఎవరు కోపంగా ఉన్నప్పుడు దగ్గరికి పోకూడదో అన్నీ అతనికి తెలుసు. వేట రోజుల్లో తెల్లవారుజామున నిలబడితే మళ్లీ కూర్చునేది అర్ధరాత్రి దాటాకే. కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు.

ఇంత చేసినా క్లబ్బు నౌకర్ల పట్టీలో అతను ఫరాష్. అంటే గదులు ఊడ్చి జంపఖానాలు పరిచేవాడన్నమాట. చేసేది బేరర్ పని, రాతలో ఫరాష్ ఉద్యోగం. బేరర్‌కు నెలకు నిజాం టంకశాల హాలీ రూపాయలు పదిహేను, ఫరాష్‌కు ఎనిమిది. ఎండాకాలం నీళ్లు తగ్గి బాతులు లేచిపోతే క్లబ్బు మూడు నెలలు మూతపడేది. ఆ మూడు నెలలూ దశరథ, అతని భార్య రుక్మాబాయి పట్నం రోడ్డు మీద కంకర కొట్టేవాళ్లు. నేను చెప్పబోయే ఏటికి ముందటి ఎండాకాలం రాయి పెచ్చు ఎగిరి రుక్మాబాయి ఎడమ కంట్లో తగిలింది. ఆ కంటికి ఇక పొద్దూ మాపూ ఒకటే. ఇంకో పెచ్చు తగిలితే రెండో కన్ను కూడా పోతుందని, మళ్లీ రాళ్ల దగ్గరికి పోవద్దని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు.

నేను అక్కడి బడిలో ఉర్దూ చెప్పే పంతుల్ని, పేరు పరమేశ్వర్. యుద్ధం మొదలైన రెండో ఏడు, పాత పత్రికలు అడిగి తెచ్చుకుందామని ఒకసారి క్లబ్బుకు పోయాను. సీసాల బీరువా పక్కన గోడకు అద్దం బిగించిన ఒక కాగితం వేలాడుతోంది. ఊరికే నిలబడి చదివాను. క్లబ్బు లైసెన్సు అది. దాని కింద నౌకర్లకు తక్కువలో తక్కువ ఎంత ఇవ్వాలో, ఎట్లా చూడాలో రాసి ఉంది. రెండేళ్లు బేరర్ పని చేసినవాణ్ని బేరర్‌గానే పట్టీలో ఎక్కించాలి. వారానికి ఒకరోజు సెలవు. క్లబ్బు మూసిన నెలల్లో బేరర్‌కు సగం జీతం.

ఆ అద్దాన్ని రోజూ తుడిచేది దశరథే. పదకొండేళ్లుగా తళతళా మెరిసేటట్టు తుడుస్తున్నాడు. అందులో ఏముందో ఆ రోజు నేను చదివి చెప్పేదాకా అతనికి తెలియదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి పోయి రుక్మాబాయికి కూడా చెప్పాను. ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. "పేరు ఎక్కితే ఎండకాలం ఇంట్ల ఉంట. ఎక్కకుంటే ఉన్న కన్ను పట్టుకొని రాళ్లకు పోత. గంతే గదా పంతులు?"

అంతే మరి. లైసెన్సు తిరగరాసే ముందు ఏటా పట్నం నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చేవాడు. ఆయన పేర అర్జీ రాశాను. మంచి ఉర్దూలో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అధికారి అడిగితే ఏం చెప్పాలో దశరథకు ఎనిమిది రోజులు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పిల్లలు వెళ్లిపోయాక బడి అరుగు మీద కూర్చోబెట్టి, నేనే అధికారినై అడిగేవాణ్ని. గడగడా చెప్పేవాడు. ఏయే ఏడు ఏ పని చేశాడో, ఎన్ని పండుగలు క్లబ్బులోనే గడిచిపోయాయో తడుముకోకుండా చెప్పేవాడు. ఇక పని అయిపోయినట్టే అనుకున్నాను. నాకంటే తెలివితక్కువవాడు ఉండడు.

క్లబ్బు సెక్రటరీ పట్నంలో తహసీల్దారు పని చేసి దిగినవాడు. అర్జీ సంగతి ఆయనకు ముందే తెలిసింది. కోప్పడలేదు, బెదిరించలేదు. తనిఖీ రోజు పొద్దున్నే దశరథను పిలిచి, కొత్త బేరర్ కోటు ఇచ్చి, అధికారికి చాయ నువ్వే పొయ్యాలన్నాడు. దశరథ పొంగిపోయాడు.

అర్జీ రాసినవాణ్ని కాబట్టి నన్నూ పిలిచారు. వరండాలో అధికారి, సెక్రటరీ కుర్చీల్లో కూర్చున్నారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. దశరథ పళ్లెం పట్టుకుని వచ్చి, వంగి, కప్పులో చాయ పోశాడు. సరిగ్గా అప్పుడు అధికారి అర్జీ తీసి, ఇది నీదేనా, నీకేం కష్టముందో చెప్పు అని అడిగాడు.

"ఏం కష్టం లేదు సర్కార్. అంతా మీ దయ," అన్నాడు దశరథ.

అధికారి చెడ్డవాడు కాదు. బేరర్ కోటు వేసుకున్న మనిషి పట్టీలో ఫరాష్ ఎట్లా అయ్యాడని తానే సెక్రటరీని అడిగాడు. బేరర్ ఏదో పెళ్లికి పోయాడని, ఈ ఒక్కరోజుకు ఇతన్ని నిలబెట్టామని సెక్రటరీ చల్లగా చెప్పాడు. నిజమేనా అని అధికారి దశరథ వైపు తిరిగాడు.

"జీ సర్కార్."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట మర్యాదకు అంటున్నాడు సర్కార్, పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు అని మధ్యలో దూరి చెప్పేశాను. అధికారి కలం కింద పెట్టాడు. మీరు రాసింది నమ్మాలా, నా ఎదురుగా ఈ మనిషి చెప్తున్నది నమ్మాలా అన్నాడు. ఆయన మూడోసారి దశరథను అడిగాడు. భయపడకు, నీకు రావలసింది నీకు వస్తోందా?

దశరథ నోరు తెరిచాడు. చూపు బల్ల మీది గిన్నె మీద పడింది.

"చక్కెర అయిపోయింది సర్కార్, తెస్త," అని లోపలికి పోయాడు.

అతను చక్కెర తెచ్చేసరికి అధికారి అర్జీ పక్కన పెట్టి, లైసెన్సు మీద సంతకం చేసేశాడు.

దశరథ గేటు దాకా నాతో వచ్చాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఎనిమిది రోజులు బడి అరుగు మీద వాగిన నోరు ఇక్కడెందుకు పెగల్లేదని నిలదీశాను. తల వంచుకుని విని, చివరకు అన్నాడు.

"చేతుల పళ్లెం ఉన్నది పంతులు. కుర్చీల కూసున్నోళ్లకు పదకొండేండ్ల సంది గా ఒక్క మాటే చెప్పిన. గదే వచ్చింది. నీ లెక్క కూసోబెట్టి అడిగితే చెప్పకపోదునా?"

"గందుకే గదా సెక్రటరీ నీ చేతికి పళ్లెం ఇచ్చింది," అన్నాను.

ఆ మాట అతనికి అంతవరకూ తట్టనే లేదు. కొత్త కోటు గుండీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. అక్కడ ఇంకో నిమిషం ఉంటే చెయ్యి చేసుకుంటానేమోనని నేను వచ్చేశాను. ఎవరి మీద చేసుకునేవాణ్నో నాకే తెలియదు.

ఎండాకాలం వచ్చింది, క్లబ్బు తలుపులు మూశారు. ఒకరోజు పట్నం పోతూ మన్నెగూడ దగ్గర బండి ఆగితే దిగాను. రోడ్డు పక్కన దశరథ రాళ్లు కొడుతున్నాడు. కొంచెం అవతల రుక్మాబాయి. ఎడమ కంటికి గుడ్డ కట్టుకుని కంకర గంపలోకి ఎత్తుతోంది.

దశరథ నన్ను చూసి సుత్తె పక్కన పెట్టి, కంకర కుప్ప మీద చోటిచ్చాడు. కూర్చున్నాను. ఎట్లున్నవ్ అని అడిగాను, ఇంకేం అడగాలో తెలియక.

చెప్పడం మొదలుపెట్టాడు. వాచిన కాళ్లు, నిలబడి తిన్న అన్నం, అక్క చచ్చిపోయిన రోజు కూడా పంపకుండా వేటకు నిలబెట్టుకున్న సంగతి, ఎనిమిది రూపాయల్లోంచి పగిలిన గ్లాసులకు కోసుకున్న కోతలు. నేను రాసిన అర్జీలో లేనివి కూడా చెప్పాడు. ఒక్క తడబాటు లేదు, ఎక్కడా దయ అనే మాట రాలేదు. ఆ అధికారి ఇందులో సగం వింటే చాలు, పట్టీ తిరగరాయించేవాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

రుక్మాబాయి గంప దించి ఇటు తిరిగింది.

"గివన్నీ ఎవరికి చెప్తున్నవ్?"

"పంతులు అడిగిండు. చెప్తున్న," అన్నాడు దశరథ.

"గాయన గూడ అడిగిండు," అంది రుక్మాబాయి.

దశరథ సుత్తె అందుకున్నాడు.