గాలాడని టోపీ

రబియాకి కోపమొస్తే నోరు కన్నా చేతులు ఎక్కువ ఆడతాయి. ఈ మూడు నెలల్లో ఆ చేతులు ఆడినంతగా మగ్గం మీద ఉన్న రోజుల్లోనూ ఆడలేదు.

ఏలూరులో తివాచీల మగ్గం ముందు ముప్పై రెండేళ్లు కూర్చున్న మనిషి. ఆమె నేసిన తివాచీలు ఏయే దేశాలకి పోయాయో ఆమెకి తెలియదు, వాటిని నేసింది రబియా అని ఆ దేశాల్లో ఎవరికీ తెలియదు. పనిచేసే షెడ్డు మూతపడ్డాక ఇంట్లో ఊరికే కూర్చుంటే, విశాఖపట్నం నుంచి ఇందుజ అనే అమ్మాయి వచ్చింది. కొండలెక్కేవాళ్లకి సామాన్లు అమ్మే చిన్న కంపెనీ వాళ్లది. ప్లాస్టిక్ లేకుండా, రంగులు వేయకుండా, కొల్లేట్లో పెరిగే జమ్ము గడ్డితో వెడల్పాటి అంచున్న ఎండటోపీ కావాలంది. "ప్రతి టోపీ లోపలా చేసినవాళ్ల పేరు కుట్టిస్తామండీ" అని కూడా అంది. ఆ తర్వాత చెప్పినదేదీ రబియా చెవికెక్కలేదు. ఆ పేరు మాటకే పడిపోయింది.

కలిదిండి నుంచి రత్నమాణిక్యం అనే ఆవిడ జమ్ము కోసి, ఎండబెట్టి పంపేది. రబియా దాన్ని సన్నగా చీల్చి, తడిపి, తల ఆకారంలో ఉన్న చెక్క దిమ్మ మీద అల్లేది. తివాచీ పనిలో వాడిన ఇనుప దువ్వెనతో వరుస వరుసనీ ఠపాఠపా కొట్టి బిగించేది. వరుసల మధ్య సూది దూరిందంటే ఆమె లెక్కలో అది పనే కాదు.

మొదటి టోపీకి జవాబొచ్చింది. "చాలా అందంగా ఉందండీ, కానీ బరువు." జమ్ముని ఇంకా సన్నగా చీల్చి, ఇంకా గట్టిగా కొట్టింది. రెండోదీ వెనక్కొచ్చింది. "లోపల గాలి ఆడటం లేదండీ. గంట నడిచేసరికి తల ఉడికిపోతోంది."

"టోపీకి గాలేంటే, అదేమన్నా కిటికీనా?" అని కోడలు నజ్నీన్ మీద విరుచుకుపడింది. పాపం, ఆ పిల్ల చేసిందల్లా మెసేజ్ చదివి వినిపించడమే.

"కాస్త వదులుగా అల్లితే సరిపోతుందేమో అత్తయ్యా."

"వదులుగా అల్లడానికి నేనే కావాలా? ఎవరైనా అల్లుతారు."

మూడోది కూడా తిరిగొచ్చిన రోజున రబియా ఒళ్లు మండిపోయింది. దువ్వెనని మూలకి గిరాటేసి, ఉత్త వేళ్లతో, అన్నం వేళకల్లా ఒకటి అల్లిపారేసింది. వరుసల మధ్య నుంచి వెలుతురు కనిపిస్తోంది. "పంపెయ్. చెత్త పనంటే ఎలా ఉంటుందో చూస్తే బుద్ధొస్తుంది వాళ్లకి" అంది.

వారం తిరగకుండా ఇందుజ ఫోన్ చేసింది. "రబియా గారూ, మాకు కావాల్సింది ఇదేనండీ! అరకు కొండల్లో రెండు రోజులు పెట్టుకు తిరిగాను. దీన్నే నమూనాగా పంపుతున్నాం, రెండొందలు అచ్చం ఇలాగే చెయ్యండి."

రబియాకి సంతోషం కాదు, ఏడుపొచ్చింది. ప్రాణం పెట్టి చేసిన మూడూ మూలన పడ్డాయి, వాళ్ల మొహాన కొట్టినదాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

నమూనా వచ్చాక, రత్నమాణిక్యానికి చూపించి జమ్ము మాట్లాడదామని కలిదిండి వెళ్లింది. బస్సు దిగితే చేపల చెరువుల గట్ల మీద నడవాలి. మిట్టమధ్యాహ్నం, ఎక్కడా నీడ లేదు. విధిలేక ఆ టోపీయే పెట్టుకుంది. రత్నమాణిక్యం ఇల్లు చేరేదాకా మొహం మీద నీడ కదల్లేదు. చెరువుల మీది గాలి అల్లికలోంచి దూరి మాడుకి తగిలింది. నుదుటి మీద చెమటే లేదు.

"భలే ఉందండీ టోపీ. మీరే చేశారా?" అంది రత్నమాణిక్యం.

రబియాకి వంక పెడదామంటే ఒక్కటీ దొరకలేదు. దాంతో కోపం రెట్టింపైంది.

ఇంటికొచ్చి దిమ్మ ముందు కూర్చుంది. కావాలని వదులుగా అల్లబోతే చేతులు మాట వినలేదు. నాలుగు వరుసలయ్యేసరికి వేళ్లు వాటంతటవే బిగించేస్తున్నాయి. విప్పింది. బలవంతాన వదిలితే అంచు తడిగుడ్డలా వాలిపోయింది. అదీ విప్పింది. మూడు రోజులు ఇదే తంతు. నమూనాలో ఏ వరుసని ఎంత వదిలిందో, అల్లిన తనకే అంతు చిక్కడం లేదు.

నాలుగో రోజు నజ్నీన్ ఫోన్ పట్టుకొచ్చింది. "పేర్ల పట్టీలు కుట్టిస్తున్నారంట అత్తయ్యా. మీ పేరు వేయించేయమంటారా అని అడుగుతున్నారు."

ముప్పై రెండేళ్లలో ఎవరూ అడగని మాట. రబియా నమూనాని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇప్పుడే వద్దని చెప్పు" అంది. "ఇది ఏదో కోపంలో వచ్చేసింది. నాకింకా చేతకావట్లేదు. చేతనైన రోజున నేనే చెబుతాను, అప్పుడు కుట్టించమను."

దిమ్మ మీదున్నదాన్ని మళ్లీ విప్పడం మొదలుపెట్టింది.