తాడిపత్రి బండ మీది ఆకు

పన్నెండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నాకు జరిగిన అన్యాయం చెప్పనివ్వండి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. లేక దాన్ని అడ్డం పెట్టుకోవాలని చూస్తున్నానా? ఏమో.

అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. అప్పట్లో ఖాదర్ అక్కడే భౌతికశాస్త్రం చెప్పేవాడు. రాళ్లంటే పిచ్చి. గోదావరి వైపు నుంచి స్నేహితుడెవరో పంపిన రాళ్లలో ఆకుల ముద్రలుండేవి. ఆయనకు రాయి తెలుసు, ఆకు తెలియదు. అది నా వంతు. రెండు వేసవి సెలవులు భూతద్దం పట్టుకుని కూర్చుని, అంచు రంపంలా ఉందా నున్నగా ఉందా, నడి ఈనె నుంచి పక్క ఈనెలు ఎంత వాలుగా చీలాయి, అవి అంచు దాకా పోయాయా లోపలే వంగిపోయాయా, అన్నీ చూసి బొమ్మలు గీసి వివరం రాసిచ్చాను. జిల్లా సైన్స్ ప్రదర్శనలో గోడ నిండా ఆ బొమ్మలే. కింద ఒకటే పేరు, ఆయనది. శాలువా కప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను. తమ్ముడనుకుని నమ్మితే గొంతు కోశాడు. ఒళ్లు మండిపోయింది. అయినా అడగలేదు. అడిగి వేయించుకునేది పేరా?

మరుసటేడు తాడిపత్రి బండ ముక్కొకటి తెచ్చాడు. మా ఇళ్లలో నేలకు పరిచేదే. దాని మీద నల్లగా, కొమ్మలు కొమ్మలుగా, ముచ్చటైన ఆకు.

"అక్కా, ఇది ఆకేనా? నువ్వు ఔనంటే ఇంగెవర్నీ అడగను."

భూతద్దం పెట్టాను. అంచు లేదు. నడి ఈనె లేదు. కానుగాకును వెలుగుకు పట్టి చూడండి, సన్న ఈనెలన్నీ ఒకదానితో ఒకటి కలిసి వలలా ఉంటాయి. ఇక్కడ ఏ కొమ్మా ఇంకో కొమ్మను కలవలేదు. రాతి పగుల్లోకి నీళ్లతో పాటు దిగిన ఖనిజం మరక అది. చూడగానే తెలిసింది నాకు.

"ఆకే ఖాదరూ. ఈనెలు అంత బాగా కనపడతాండాయి గదా. రాసుకో."

"నువ్వు చెప్పినాక ఇంగేముండాదిలేక్కా," అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ ఏటి ప్రదర్శనకు బయటి నుంచి వచ్చిన, రాళ్ల సంగతి తెలిసిన పెద్దాయన అందరి ముందూ పకపకా నవ్వాడు. ఈ రాయి ఏర్పడేనాటికి భూమ్మీద ఆకే పుట్టలేదన్నాడు. ఇది ఆకని నీకు ఎవరు చెప్పారని అడిగాడు. నేను మూడో వరుసలో ఉన్నాను. ఖాదర్ ఒక్కసారి నా వైపు చూశాడు.

"ఎవరూ చెప్పల్యా సార్. నేనే అనుకున్నా."

మొదటిసారి నా పేరు మింగినప్పుడు దొంగ అనుకున్నాను. రెండోసారీ మింగాడు. ఈసారి ఏమనుకోవాలి? నన్ను కాపాడాడా? లేక నా పేరు చెప్పే అలవాటే లేదా? అలవాటే అయ్యుంటే బాగుండునని ఎన్నిసార్లు కోరుకున్నానో. కానీ ఆయన నా వైపు చూశాడు. చూసి మరీ ఆ మాటన్నాడు.

పిల్లలు 'బండాకు సారు' అని పేరు పెట్టారు. ఆయన మళ్లీ రాయి ముట్టలేదు. తనకల్లు అనే ఊరికి బదిలీ చేయించుకుని పోతూ తన భూతద్దం నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఇప్పటికీ దానితోనే పిల్లలకు ఈనెలు చూపిస్తున్నాను.

నన్ను మోసం చేశాడన్న బాధ పోలేదు. ఆయన్ను నేను క్షమించలేదు, నన్ను క్షమించమని అడగబోను కూడా. ఆ రోజు మూడో వరుసలోంచి లేచి అనాల్సిన మాట మాత్రం ఇప్పుడంటున్నాను. అది ఆకని చెప్పింది నేను. కాదని తెలిసే చెప్పాను.