ఎడమకి లాగే బండి

బండి ఎడమకి లాగుతోందని మొదట నేనన్నది బేరం కోసం. అప్పటికి నాకు గేర్ల బండి నడపడమే రాదు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో, అమ్మేవాడు నడుపుతుంటే వెనక కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చాను. దిగీ దిగగానే వంకలు పెట్టడం మొదలుపెట్టాను.

వంకలు పెట్టడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. పూర్ణామార్కెట్లో మాది స్టీలు సామాన్ల కొట్టు. బిందె కొనడానికొచ్చినవాళ్ళు దాన్ని తిరగేసి, వేలితో కొట్టి, లేని సొట్టని చూపించేవారు. మా నాన్నకి కోపం ముంచుకొచ్చేది. నిజంగా సొట్ట ఉంటే మాత్రం కోపం వచ్చేది కాదు, గొంతు తగ్గేది, వెంటనే ధరా తగ్గేది. ఈ తేడా నాకు నిక్కర్లు వేసుకునే వయసులోనే తెలుసు. తెలిసి కూడా ఆరోజు ఎలా మరిచిపోయానో ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మే మనిషి నా వయసువాడే. ఆ బండి మీద ఇంటింటికీ పార్సిళ్ళు వేసేవాడట, ఇప్పుడు ఆటో కొనుక్కుంటున్నాడు.

"సైలెన్సర్ తుప్పు పట్టింది" అన్నాను.

"సముద్రం పక్కూర్లో తుప్పట్టని బండేదో సూపించు బావా, నానే కొనీసుకుంటాను."

"సీటు చిరిగిపోయింది."

"కూకోడానికా, కప్పుకోడానికా?"

"చైను వదులైపోయింది."

"బిగిత్తే బిగుసుకుంటాది. నీ సెయ్యంత బిగువు కాదనుకో."

నా దగ్గర వంకలు అయిపోయాయి. బండిలో ఇంకేమేం భాగాలుంటాయో కూడా తెలియదు. నోటికొచ్చింది అనేశాను. "హేండిల్ ఎడమకి లాగుతోంది కదా. వెనక కూర్చున్నా తెలుస్తోంది."

అతను నవ్వలేదు. సందు చివరికి చూస్తూ, "సరే బావా, నువ్వన్న రేటుకే అట్టుకెలిపో" అన్నాడు.

నేను బండిని తోసుకుంటూ ఇంటికి గెలిచినవాడిలా వచ్చాను.

ఆ తర్వాత కొన్ని వారాలు మర్రిపాలెంలో మా మెట్ల కింద కిరసనాయిలూ గరుకు కాగితమూ పట్టుకుని కూర్చున్నాను. పాతసామాన్ల కొట్లలో తిరిగి ఒక సైలెన్సర్ తెచ్చాను. రెండు అద్దాలు తెచ్చాను, ఒకటి గుండ్రం, ఒకటి పలక. ట్యాంకుకి నేనే రంగు వేశాను, ఆరేలోపు దోమలొచ్చి అంటుకుపోయాయి. చేత్తో బాగుచేసిన ప్రతిదాన్నీ మా ఆవిడకి చూపించి, కొత్తదైతే ఎంతయ్యేదో చెప్పేవాణ్ణి. ఆమె గాజువాకలో బళ్ళో టీచరు. సెలవులయ్యాక సోమవారం నుంచి ఆమెని బళ్ళో దింపి, నేను పరవాడలో మందుల కంపెనీ గోడౌనుకి వెళ్ళాలని అనుకున్నాం. హెల్మెట్ తనే కొని తెచ్చుకుంది.

"నన్ను పిలవాల్సింది, తగ్గించేవాణ్ణి కదా" అన్నాను.

"మీరు తగ్గిస్తే సగం హెల్మెట్టే ఇస్తారండీ" అంది.

నడపడం గోడౌనులో పనిచేసే స్నేహితుడు ఖాళీ గ్రౌండులో నేర్పాడు. బండి ఎడమకి పోయేది. నేను కుడికి తోసేవాణ్ణి.

"బండి ఎడమకి లాగుతోందిరా" అన్నాను.

"బండి కాదు, నీ సెయ్యి లాగతంది. పీక అట్టుకున్నట్టు అట్టుకుంటే అదేటి సేత్తాది?"

అయ్యుండొచ్చు అనుకున్నాను. కొత్తగా నేర్చుకునేవాడికి అదే భయం. తప్పు ఇనుములో ఉందో తనలో ఉందో తెలియదు. అబద్ధంగా పెట్టిన వంక నిజమైందేమో అన్న ఆలోచన రాగానే నేనే తోసేసేవాణ్ణి.

సెలవుల చివరి శనివారం ఒక్కణ్ణే గాజువాక దాకా వెళ్ళిచూద్దామని బయల్దేరాను. హెల్మెట్లో నా ఊపిరి నాకే వినిపిస్తోంది. పోర్టు నుంచి వచ్చే ట్రైలర్ ఒకటి కుడిపక్కకి చేరింది. దానిమీద ఉక్కు చుట్ట, మా కొట్టుకన్నా పెద్దది, రెండు గొలుసులకి వేలాడుతున్నట్టుంది. ఎడమపక్క బస్సు. బండి బస్సు వైపు ఒరుగుతోంది. నేను కుడికి తోస్తున్నాను, కుడివైపు చుట్ట ఉంది, తోస్తే తోసినట్టే పోతుందేమోనని చేతులు సగంలో ఆగిపోతున్నాయి. బస్సు కిటికీలోంచి కండక్టరు చెయ్యి చాపి నా భుజాన్ని అవతలికి నెట్టాడు.

"ఏటి బావా, బండితో ఎక్కీస్తావేటి? దానిక్కూడా టికెట్టు కొట్టాల!"

బస్సులో ఎవరో నవ్వారు. నేను బండి పక్కకి తీసి దిగాను. ఆ బస్సుకీ నాకూ మధ్య, సోమవారం, మా ఆవిడ మోకాలు ఉంటుంది.

తిన్నగా కంచరపాలెం వెళ్ళాను. నిజం చెప్పమని అడిగితే అమ్మినవాడు చెప్పడు, బేరం మళ్ళీ తవ్వడానికొచ్చాననుకుంటాడు. అందుకని ఇంకో దారి పట్టాను.

"బండి అమ్మేస్తాను. ఎంతకి తీసుకుంటావు?"

కొనేవాడైతే లోపాలన్నీ వాడే చెబుతాడని నా తెలివి. చెప్పాడు కూడా. వెనక దీపం దగ్గర గొంతుక్కూర్చుని మొదలుపెట్టాడు.

"సైలెన్సర్ మార్చీసేవ్. టైరు అరిగిపోయింది."

"అది నువ్విచ్చిన టైరే."

"అప్పుడు బాగుండీది. ఇదేటిది, ట్యాంకు మీద దోమలేటి? ఫ్రీగా ఇత్తన్నావా?"

చైను, సీటు, బ్యాటరీ, ఇంజన్ చప్పుడు, ఒక్కొక్కటే తిట్టుకుంటూ ట్యాంకు దాకా వచ్చి లేచి నిలబడ్డాడు.

"మరి హేండిలో?" అన్నాను.

"హేండిల్‌కేటి బావా, సక్కగుంది."

తక్కువకి కొట్టేద్దామని చూసేవాడు ఆ ఒక్కదాన్నే మెచ్చుకున్నాడు.

"సోమవారం నుంచి మా ఆవిడ వెనక కూర్చుంటుంది" అన్నాను. ఇది బేరం కాదు. గొంతులో తెలిసిపోయుంటుంది.

అతను హేండిల్ కింద రంగుని బొటనవేలితో రుద్దాడు. తర్వాత, "ఆవిణ్ణి ఎక్కించకు" అన్నాడు. "డివైడర్ని గుద్దీసేను. ముందు టీ ఇరిగిపోతే వెల్డింగ్ ఎట్టించి, పైన రంగేసీసేను."

"నాకు చెప్పాలి కదా!"

"నువ్వే సెప్పేవు కదా బావా, ఎడమకి లాగతందని! తెలిసినోడివనుకున్నాను. అందుకే కాదేటి తగ్గించీసేను?"

బండిని నడపకుండా తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తెచ్చాను. టీ అంటే ముందు చక్రాన్ని మోసే రెండు గొట్టాలనీ హేండిల్‌కి కలిపే ఇనుప దిమ్మ. రంగు గీకితే వెల్డింగ్ గీత బయటపడింది, దాని పక్కనే వెంట్రుకంత బీట. దానిమీదే ఇన్నాళ్ళూ నా బరువంతా ఆనించాను. పాతది ఒకటి సగం ధరకే ఉందని మెకానిక్ అంటున్నా వినకుండా కొత్తదే వేయించాను.

సోమవారం పొద్దున్న ఆమె వెనక కూర్చుంది. చెప్పాల్సినదంతా చెప్పాను. "బాగైపోయింది కదా, పదండి" అంది. బండి తిన్నగా ఉంది. నా చేతులే తిన్నగా లేవు. వారాల తరబడి కుడికి తోయడమే నేర్చుకున్నాయి, ఇప్పుడు లాగేది ఏదీ లేకపోయినా తోశాయి. బండి కుడికి, ట్రైలర్ల వైపు, మెత్తగా జరిగింది.

"ఏవండీ, అటెల్తన్నారేటి! అటు కాదు!"

వెనక నుంచి హారన్ వీపుని తాకింది. ఎలా పక్కకి తెచ్చానో గుర్తులేదు. ఆమె దిగి, నా రెండు చేతులూ పట్టుకుని చూసింది.

"వీటికి అలవాటయ్యేదాకా నేను బస్సులో ఎల్తానండీ" అంది.

ఆమె ఎక్కిన బస్సు వెనకే పొగ పీలుస్తూ గాజువాక దాకా వెళ్ళాను. అది ఆగిన ప్రతిచోటా ఆగాను. దాటాలంటే కుడికి వెళ్ళాలి మరి.