కాలబైశాఖిలో నిలిచిన డేరా

వచ్చే నెల మా రైల్వే ఆఫీసు ఆడవాళ్ళం హిమాలయాలకు, మంచులో క్యాంపుకు వెళ్తున్నాం. "గాలికి ఎగిరిపోతావు, ఎల్లొద్దు" అని మా అత్తగారు పది రోజులుగా పోరుతున్నారు.

గోల్‌బజార్‌లో దుకాణం నడిపే బెంగాలీ దాదా, నచ్చింది ఉంచుకోమని రెండు డేరాలిచ్చాడు. ఒకటి తేలిక, రంగు బాగుంది. రెండోది ఏ కాలానికైనా ఆగుతుందట గానీ బాగా బరువు. ఈ మధ్యాహ్నం రెండూ ట్రాఫిక్ కాలనీలో మా రైల్వే క్వార్టర్ ముందు వేసి చూస్తుంటే కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. తేలిక డేరా మేకులతో సహా లేచి పక్కవాళ్ళ గోడ మీద పడింది. వడియాలు తీయడానికొచ్చిన అత్తగారు చేటతో బరువు డేరాలో దూరిపోయారు. వెనకే నేనూ దూరాను. అరగంట ఇద్దరం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. గుడ్డ దడదడలాడింది గానీ లోపల చుక్క పడలేదు.

వాన తగ్గాక ఆవిడ డేరా కర్రను ఊపి చూశారు.

"ఇది కదల్నేదే! ఇదే కొను."

"అయితే నన్ను వెళ్ళమంటారా అత్తయ్యా?"

"ఎల్లు. ఇందులో ఇద్దరు పడతారు కదా, నన్నూ తీసికెల్తావేటి?"

నవ్వుతున్నారేమోనని ముఖం చూశాను. నవ్వడం లేదు. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు. రేపు ఆఫీసులో ఇంకో పేరు రాయిస్తాను. అరవై దాటినావిడకు మంచులో నడిచే బూట్లు ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.